గ్రానీ చెప్పిన ఆరు వాక్యాలు

అమ్మమ్మ అన్నా నానమ్మ అన్నా ఏ వైపు మనిషో తెలుగులో మాట వినగానే తెలిసిపోతుంది. స్కాట్లాండ్‌లో ఇద్దరూ గ్రానీలే. చాలా ఇళ్లలో ముత్తవ్వ కూడా గ్రానీయే, ఎదురింటి పెద్దావిడ ఆంటీయే. అక్కడి కుటుంబ కథల్లో సగం చిక్కులు ఇక్కడే పుడతాయి. ఇంటి గ్రానీ చెప్పిన కథని పాత కాగితాలతో సరిచూడాలంటే ముందు దీన్నే విప్పాలి. "మా గ్రానీ అనేది" అని ఆవిడ మొదలుపెట్టగానే, ఆ గ్రానీ ఎన్నో తరం గ్రానీ, ఎవరి తల్లి అని అడగకుండా రాసేసుకుంటే కథ ముప్ఫై నలభై ఏళ్లు అటో ఇటో జరిగిపోతుంది.

ఒక కథ తీసుకుందాం. ఇది ఏ ఒక్క కుటుంబానిదీ కాదు. 1930ల్లో గ్లాస్గోలో పుట్టిన ఏ పెద్దావిడైనా చెప్పగలిగే కథ.

"మా గ్రానీది స్కై ద్వీపం. మాది క్లాన్ నాయకుడి రక్తం. దొర భూమి లాక్కుంటే ఊరొదిలి వచ్చేశారు. గ్రానీ మా తాతతో గ్రెట్నాకి పారిపోయి పెళ్లి చేసుకుంది. పెళ్లికి ముందు చేపల పనికి యార్మత్ దాకా వెళ్లేది. పోయేదాకా గేలిక్‌లోనే పాడుకునేది."

ఆరు వాక్యాలు. స్కై స్కాట్లాండ్ పడమటి తీరంలోని ద్వీపం, గేలిక్ అక్కడి పాత భాష, క్లాన్ అంటే ఒక నాయకుడి కింద ఉండే వంశం. వినేవాళ్లకి నచ్చేవి రెండూ నాలుగూ. కాగితం మీద నిలబడేవి మాత్రం తరచుగా ఒకటి, ఐదు, ఆరు. కథ నోరు మారే కొద్దీ హోదా పెరుగుతుంది, కారణం మారుతుంది. ఊరి పేరు, చేసిన పని, పాడుకున్న భాష మార్చాల్సిన అవసరం ఎవరికీ రాదు కాబట్టి అవి అలాగే మిగులుతాయి. కాబట్టి వెతుకులాట గొప్పల దగ్గర కాదు, ఎవరూ పట్టించుకోని ఆ చిన్న వివరాల దగ్గర మొదలుపెట్టాలి.

దానికి ముందు కథని సరిగ్గా పట్టుకోవాలి. ఫోన్‌ని ఉత్త బల్ల మీద పెడితే టీ కప్పు పెట్టిన ప్రతిసారీ ఆ చప్పుడే రికార్డవుతుంది. మడతపెట్టిన తువ్వాలు మీద, ఆవిడకి రెండు జానల దూరంలో పెట్టండి. నలభై నిమిషాలకి ఆపేయండి. అలిసిపోయిన పెద్దవాళ్లు మనం ఏమడిగినా "అవునవును" అంటారు, అక్కడినుంచి వచ్చేది మన కథే గాని వాళ్లది కాదు. "ఏ సంవత్సరం?" అని అడిగితే జవాబు రాదు, వచ్చినా తప్పే వస్తుంది. "ఏ ఇంట్లో ఉండగా?" అని అడగండి. గ్లాస్గో టెనెమెంట్‌లో, అంటే చాలా కుటుంబాలు ఉండే అంతస్తుల ఇంట్లో, పెరిగిన మనిషికి వీధి, క్లోజ్ (ఉమ్మడి ప్రవేశద్వారం) నంబరు, ఎన్నో అంతస్తు, ఎడమవైపా కుడివైపా అన్నది నోటికొచ్చి ఉంటుంది. అది సింగిల్ ఎండా, అంటే ఒకే గదా, లేక రూమ్ అండ్ కిచెనా? బట్టలుతకడానికి ఏ స్టీమీకి, అంటే ఉమ్మడి ఉతుకుడు శాలకి, వెళ్లేవారు? ఆదివారం ఏ చర్చి? ఈ చర్చి ప్రశ్న చాలా ముఖ్యం, ఎందుకో కింద వస్తుంది.

చిరునామా దొరికితే వాల్యుయేషన్ రోల్స్ తెరుచుకుంటాయి. ఇంటి పన్ను కోసం 1855 నుంచి ఏటా రాసిన పుస్తకాలవి. ఇంటి యజమాని ఎవరు, అద్దెకున్నది ఎవరు, అద్దె ఎంత అన్నీ ఉంటాయి. జనాభా లెక్క పదేళ్లకోసారి వస్తుంది, ఈ పుస్తకాలు మధ్య ఖాళీని పూడుస్తాయి. వితంతువు పేరు మీద అద్దె మొదలైన ఏడు చూస్తే తాత పోయిన ఏడు దాదాపు తేలిపోతుంది.

ఆవిడ వాడిన మాటని వాడినట్టే రాసుకోండి. స్కాట్స్ భాషలో "గిడ్-మిదర్" అంటే అత్తగారు. వినేవాళ్లు దాన్ని గాడ్‌మదర్ అని రాసేసుకుంటే ఒక తరం కొమ్మంతా చెట్టు మీంచి ఊడిపోతుంది. "గిడ్-బ్రదర్" బావో బావమరిదో అవుతాడు. పాత కాగితాల్లో "రెలిక్ట్" అంటే వితంతువు, "కజిన్ జర్మన్" అంటే సొంత పెదనాన్న, పిన్ని, మేనమామ, మేనత్తల పిల్లలు. జర్మనీతో దానికి సంబంధం లేదు.

ఇక కాగితాలు. స్కాట్లాండ్‌లో జనన, మరణ, వివాహాల ప్రభుత్వ నమోదు 1855 జనవరి 1న మొదలైంది. ఇంగ్లండ్‌లో అప్పటికే పద్దెనిమిదేళ్లుగా జరుగుతోంది. ఆలస్యంగా మొదలైనా స్కాట్లాండ్ పని మేలైంది. మరణ పత్రంలో చనిపోయిన మనిషి తండ్రి పేరు, తల్లి పేరు, తల్లి పుట్టింటి ఇంటిపేరు మూడూ ఉంటాయి. పెళ్లి పత్రంలో వధూవరులిద్దరి తల్లిదండ్రులూ ఉంటారు, తల్లుల పుట్టింటి పేర్లతో సహా. పెళ్లయినా చట్టం దృష్టిలో ఆడమనిషి పుట్టింటి పేరు పోలేదు. సమాధి రాళ్ల మీద కూడా భార్య పేరు పుట్టింటి పేరుతోనే చెక్కి ఉండటం మామూలు. ఇంగ్లండ్‌లో తల్లుల వైపు వెనక్కి వెళ్లడం ఇంతకన్నా కష్టం. స్కాట్లాండ్‌లో మాత్రం గ్రానీ వైపు వెతకడం, తాత వైపు వెతికినంత తేలిక.

వెతికే వరస ఇలా ఉంటే మంచిది: ముందు మరణ పత్రం, అందులోని తల్లిదండ్రుల పేర్లతో పెళ్లి పత్రం, ఆ తర్వాత జనన పత్రం. 1861 నుంచి జనన పత్రంలో తల్లిదండ్రులకి పెళ్లయిన తేదీ, ఊరు ఉంటాయి కాబట్టి అక్కడినుంచి మళ్లీ పై తరం పెళ్లికి దూకొచ్చు. నేషనల్ రికార్డ్స్ ఆఫ్ స్కాట్లాండ్ నడిపే స్కాట్లాండ్స్‌పీపుల్ సైట్‌లో సూచికలో వెతకడం ఉచితం, అసలు పేజీ చూడటానికే డబ్బు. ఆన్‌లైన్‌లో కనిపించేవి 100 ఏళ్లు దాటిన జననాలు, 75 దాటిన పెళ్లిళ్లు, 50 దాటిన మరణాలు. అంతకన్నా కొత్తవి కావాలంటే నకలు తెప్పించుకోవాలి, లేదా ఎడిన్‌బరాలో ప్రిన్సెస్ స్ట్రీట్ తూర్పు చివరన ఉన్న జనరల్ రిజిస్టర్ హౌస్‌కి వెళ్లి చూడాలి.

కుటుంబంలో ఎవరైనా సరే, గ్రానీ గారి మేనత్తైనా సరే, 1855లో పుట్టినా పోయినా పెళ్లాడినా ఆ పత్రం ముందు తీయండి. మొదటి ఏడాది ఉత్సాహంలో అధికారులు అన్నీ అడిగారు. జనన పత్రంలో తల్లిదండ్రుల వయసులు, పుట్టిన ఊళ్లు, అంతకుముందు పుట్టిన పిల్లల్లో బతికున్నవాళ్లెందరు, పోయినవాళ్లెందరు. మరణ పత్రంలో చనిపోయినవారి పిల్లల పేర్లు. రాయలేక రిజిస్ట్రార్లు గోల పెట్టడంతో 1856లోనే వీటిలో చాలా ఎత్తేశారు. స్కాటిష్ వంశవృక్షాల్లో 1855 లాటరీ టికెట్ లాంటిది.

పత్రం చేతికొచ్చాక అందరూ పేరు చూస్తారు. మీరు చివరి గడి చూడండి: సమాచారం ఇచ్చింది ఎవరు? జనన పత్రంలో చెప్పేది తల్లో తండ్రో, వాళ్లకి తెలిసిన సంగతే చెబుతారు. మరణ పత్రంలో చెప్పేవాడు అల్లుడైతే, అత్తగారి తల్లి పుట్టింటి పేరు అతనికేం తెలుసు? గుర్తున్న ఏదో ఇంటిపేరు చెప్పేస్తాడు. అందుకే ఒక్క మరణ పత్రం నమ్మి పై తరానికి వెళ్లకూడదు. అదే మనిషి పెళ్లి పత్రంతో పోల్చాలి. సంతకం ఉండాల్సిన చోట గుణకారం గుర్తు, దాని పక్కన "గుర్తు" అన్న మాట ఉంటే చెప్పినవారికి రాయడం రాదు. అంటే పేర్ల వర్ణక్రమం మొత్తం రిజిస్ట్రార్ చెవి మీద ఆధారపడి ఉందన్నమాట. ఇంటిపేరు మొదట్లోని మాక్ (Mac), మ్క్ (Mc) తేడాని అసలు పట్టించుకోవద్దు. ఒకటి స్కాటిష్, ఒకటి ఐరిష్ అనేది ఉత్త మాట. ఒకే మనిషి ముగ్గురు పిల్లల పత్రాల్లో మూడు రకాలుగా కనిపిస్తాడు.

ఇప్పుడు ఆరో వాక్యం, గేలిక్ పాటలు. 1881 నుంచి జనాభా లెక్కల్లో గేలిక్ మాట్లాడతారా అన్న ప్రశ్న ఉంది. అక్కడ అవునని ఉంటే కథకి పునాది పడినట్టే, పేర్ల చిక్కు మొదలైనట్టు కూడా. గేలిక్ పేరుకి ఇంగ్లిష్ జోడీ రాయడం రివాజు, జోడీ మాత్రం ఊరూరికీ మారుతుంది. ఇంట్లో "మోర్" అని పిలిచే పిల్ల కాగితం మీద మారియన్ కావచ్చు, సారా కావచ్చు. "ఓయ్‌రిక్" ఎఫీ అవుతుంది, లేదా యూఫీమియా. డోనల్డ్ ఒక్కోసారి డేనియల్ అవుతాడు. గేలిక్ రాని ఇళ్లలోనూ ఇదే గోల: జెస్సీ అసలు పేరు జానెట్, పెగ్గీ అసలు పేరు మార్గరెట్, టిబ్బీ అంటే ఇసబెల్లా. ఇక సెంగా అంటే ఆగ్నెస్ అన్న పేరుని ఇంగ్లిష్‌లో వెనకనుంచి చదవడమే. జెస్సీ కోసం వెతికి దొరకలేదని ఆ పిల్ల పుట్టనే లేదనుకున్నవాళ్లు ఎందరో.

ఆ పాటలతో పాటు ఒక వరస కూడా వచ్చేమో అడగండి. ద్వీపాల్లో కొత్త పిల్ల కనపడితే పేరు అడగరు, "కో లెష్ ఊ?" అంటారు, అంటే ఎవరి పిల్లవే నువ్వు అని. జవాబుగా తండ్రి, తాత, ముత్తాతల పేర్లు గొలుసులా చెప్పాలి: ఎర్ర రోరీ కొడుకు జాన్ కొడుకు డోనల్డ్, అలా. దీన్ని స్లోన్యగ్ అంటారు. ఊళ్లో సగం మందికి ఒకే ఇంటిపేరు ఉన్నప్పుడు రిజిస్టర్ విడదీయలేని మనుషుల్ని ఈ గొలుసు విడదీస్తుంది. ఆవిడకి అర్థం తెలియకపోయినా లయ గుర్తుండి ఉండొచ్చు. అలా ఉంటే ఆ నాలుగు సెకన్లు మొత్తం రికార్డింగ్‌లోకీ విలువైనవి.

పేర్లు పెట్టే పద్ధతి కూడా గొలుసుకి సాయం వస్తుంది. మొదటి కొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండో కొడుక్కి అమ్మ తండ్రి పేరు, మూడోవాడికి తండ్రి పేరు. మొదటి కూతురికి అమ్మ తల్లి పేరు, రెండో కూతురికి నాన్న తల్లి పేరు, మూడో పిల్లకి తల్లి పేరు. పిల్లల పేర్లు వరసగా రాసి చూస్తే తాతల, గ్రానీల పేర్లు ఊహించొచ్చు. ఊహే సుమా, సాక్ష్యం కాదు. ఇద్దరు తాతలూ జాన్‌లే అయితే లెక్క తప్పుతుంది. పురిట్లో పోయిన బిడ్డ పేరే తర్వాతి బిడ్డకి మళ్లీ పెట్టడం మామూలు కాబట్టి, ఒకే తల్లికి రెండు అలెగ్జాండర్లు కనిపిస్తే కంగారు పడకుండా మొదటివాడి మరణం కోసం వెతకండి.

ఐదో వాక్యం, చేపల పని. హెర్రింగ్ చేపల గుంపులతో పాటు పడవలు, పడవలతో పాటు ఆడపిల్లలు షెట్లాండ్ నుంచి తీరం వెంట దక్షిణంగా కదిలి, శరదృతువుకి ఇంగ్లండ్‌లోని గ్రేట్ యార్మత్, లోస్టాఫ్ట్ చేరేవారు. ముగ్గురు ఒక జట్టు: ఇద్దరు కడుపు చీల్చేవాళ్లు, ఒకరు పీపాలో పేర్చేవాళ్లు. సీజన్‌కి ముందే వ్యాపారి బయానా ఇచ్చి కుదుర్చుకునేవాడు, దాన్ని ఆర్ల్స్ అంటారు. చిన్న కత్తితో ఒక్క విసురులో పేగులు బయటికి లాగాలి. రాతి ఉప్పు కోతల్లోకి దిగకుండా ప్రతి వేలికీ విడిగా గుడ్డపీలిక చుట్టి దారంతో కట్టుకునేవారు. పీలికలు తమ వేళ్లతో, పళ్లతో కట్టుకునేవారు. కథ చెప్పే ఆవిడ తన గ్రానీ గురించి చెబుతూ తెలియకుండానే చూపుడువేలి చుట్టూ ఏదో చుడుతున్నట్టు చెయ్యి తిప్పితే, అది ఎక్కడా చదివి నేర్చుకున్నది కాదు.

దీన్ని కాగితంలో వెతికేవాళ్లు చేసే తప్పు ఒకటుంది. యార్మత్ జనాభా లెక్కల్లో పేరు లేదు కాబట్టి కథ అబద్ధం అంటారు. 1851 నుంచి 1911 దాకా లెక్కలన్నీ మార్చి చివరో ఏప్రిల్ మొదట్లోనో రాత్రి తీసినవి. అక్టోబరులో యార్మత్‌లో ఉన్న పిల్ల ఏప్రిల్‌లో ఇంట్లో ఉంటుంది. 1841 లెక్క జూన్‌లో తీశారు గాని దానికి వేరే తెగులు: పదిహేనేళ్లు దాటినవారి వయసుని అయిదుకి దించి రాయమన్నారు. 34 ఏళ్ల మనిషి 30 అవుతుంది, 59 ఏళ్ల మనిషి 55.

మూడో వాక్యం దగ్గరే గ్రానీ తరాలు కలిసిపోతాయి. 1930ల్లో పుట్టినావిడ గ్రానీ దాదాపు 1870లో పుట్టి ఉంటుంది. అప్పుడు పుట్టిన మనిషిని చిన్నప్పుడే దొర ఊరి నుంచి గెంటేశాడంటే స్కైలో కాలం కుదరడం కష్టం. అక్కడ పేరుమోసిన ఖాళీ చేయింపుల్లో ఒకటి స్ట్రాత్ పారిష్‌లోని (పారిష్ అంటే ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) బోరెరైగ్, సుయిష్నిష్ ఊళ్లది, 1853లో జరిగింది. తర్వాత పెద్ద భూగర్భ శాస్త్రవేత్తయిన ఆర్చిబాల్డ్ గీకీ అప్పుడు కుర్రవాడు. సుయిష్నిష్ జనం వెళ్లిపోతుంటే చూసి, వాళ్ల ఏడుపు లోయంతా వినిపించిందని ఎన్నో ఏళ్ల తర్వాత రాశాడు. అంటే గెంటేసింది కథ చెప్పే ఆవిడ గ్రానీని కాదు, ఆ గ్రానీ అమ్మమ్మని కావచ్చు. లేదా కథ ఇంకోటి కావచ్చు. 1882లో అదే ద్వీపంలో బ్రేస్ దగ్గర రైతులు అద్దె కట్టం అన్నారు. గ్లాస్గో నుంచి యాభైమంది పోలీసులు దిగితే ఆడవాళ్లు రాళ్లతో ఎదుర్కొన్నారు. అప్పటికి పన్నెండేళ్ల పిల్లకి పోలీసులు వచ్చిన రోజు గుర్తుండదా? తర్వాతి ఏడాది, ఈ రైతుల కష్టాలు తెలుసుకోవడానికి ప్రభుత్వం వేసిన నేపియర్ కమిషన్ మొదటి విచారణ బ్రేస్‌లోనే పెట్టింది. రైతుల సాక్ష్యాలు ప్రశ్న, జవాబు రూపంలో అచ్చయ్యాయి. కుటుంబం ఊరి పేరు తెలిస్తే, ఆ ఊరి మనిషి ఏమన్నాడో అతని మాటల్లోనే చదవొచ్చు.

ఇక్కడ ఊరు అంటే "స్కై" చాలదు. పల్లె పేరు కావాలి. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే గీసిన పాత పటాలని ఉచితంగా పెట్టింది. మైలుకి ఆరంగుళాల పటంలో ఒక్కో కప్పూ కనిపిస్తుంది, కప్పు లేని గోడలు కూడా.

రెండో వాక్యం, క్లాన్ నాయకుడి రక్తం. దీన్ని నెమ్మదిగా పక్కన పెట్టేయడమే మర్యాద. భూమి ఎవరిదైతే అతని ఇంటిపేరు పెట్టుకున్న కౌలుదార్లు కోకొల్లలు. నాయకుడి దగ్గరి బంధువులు టాక్స్‌మన్‌లుగా పెద్ద కౌళ్లు పట్టేవారు, వాళ్లకి ఒప్పందాలు, ఉత్తరాలు, వీలునామాలు ఉంటాయి. మామూలు రైతుకి చర్చి రిజిస్టరే దిక్కు, స్కై పారిష్‌లలో అవి చాలావరకు 1800 తర్వాతే మొదలవుతాయి. స్కాట్లాండ్ మొత్తంలో పాతది ఎర్రల్ పారిష్‌ది, 1553 నాటిది, కానీ అది పెర్త్‌షైర్‌లో ఉంది. దుకాణంలో కొన్న "కుటుంబ చిహ్నం" గోడ మీదుంటే సాక్ష్యమేమీ కాదు. స్కాట్లాండ్‌లో ఆ డాలు చిహ్నం ఒక వ్యక్తిదే, ఇంటిపేరుది కాదు. దాన్ని ఇచ్చేది చిహ్నాల అధికారి లార్డ్ లయన్ కార్యాలయం.

చర్చి ఎందుకు అడగమన్నానంటే, 1843లో 450 మందికి పైగా పాస్టర్లు చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్‌ని వదిలి ఫ్రీ చర్చ్ పెట్టుకున్నారు, హైలాండ్స్ అనే ఉత్తరపు కొండప్రాంతంలో జనం కూడా వాళ్ల వెంటే నడిచారు. 1843కీ 1855కీ మధ్య పుట్టిన పిల్ల పారిష్ రిజిస్టర్‌లో లేకపోతే పుట్టలేదని కాదు, ఆ తలుపు గుండా వెళ్లలేదని. 1783 నుంచి 1794 దాకా మరో గండి: నమోదుకి మూడు పెన్నీల పన్ను వేస్తే చాలామంది నమోదే మానేశారు.

నాలుగో వాక్యం, గ్రెట్నా. పారిపోయి పెళ్లి అనగానే అందరి నోటా గ్రెట్నాయే. అది ఇంగ్లండ్ కుర్రకారుకి సరిహద్దు దాటగానే దొరికే ఊరు. స్కాట్లాండ్‌లో ఉన్నవాళ్లకి అంత దూరం అక్కర్లేకపోయేది, ఇద్దరు సాక్షుల ముందు ఒప్పుకుంటే చాలు, పాస్టర్ లేకుండానే పెళ్లి చెల్లేది. దీన్ని ఇర్రెగ్యులర్ మ్యారేజ్ అనేవారు, పేరు అలా ఉన్నా పూర్తిగా చట్టబద్ధమే. 1940 జులై 1 నుంచే ఇది ఆగింది. గ్లాస్గోలో జంటలు లాయర్ ఆఫీసులో ప్రకటన చేసి, షెరిఫ్ (అక్కడ జడ్జి) వారంటుతో నమోదు చేయించుకునేవి. చర్చిలో ముందుగా చాటింపు ఉండదు, ఖర్చు తక్కువ, కడుపు కనపడే లోపు పని అయిపోతుంది. పెళ్లి పత్రం మొదటి గడిలో "ఫ్రీ చర్చ్ పద్ధతిలో, చాటింపు తర్వాత" అని ఉందా, "ఫలానావారి సమక్షంలో ప్రకటన ద్వారా" అని ఉందా చూడండి. రెండోది ఉంటే కథలో గుట్టు నిజం, ఊరు తప్పు.

ఆ పెళ్లి తేదీనీ పెద్ద బిడ్డ పుట్టిన తేదీనీ పక్కపక్కన పెడితే మరో కథ బయటపడొచ్చు. జనన పత్రంలో చెప్పిన పెళ్లి తేదీని అసలు పత్రంతో పోల్చండి, ఒక ఏడాది వెనక్కి జరిపి చెప్పడం అరుదేం కాదు. పేజీ అంచున దిద్దుబాటు రిజిస్టర్ ప్రస్తావన ఉంటే వదలకండి. తండ్రి ఎవరో కోర్టు తేల్చిన సంగతి అందులో ఉండొచ్చు. అంతకు పాత కాలానికి కర్క్ సెషన్ మినిట్స్, అంటే చర్చి పెద్దల సభ రాతలు, ఉన్నాయి. పెళ్లికాని తల్లిని చర్చి పెద్దలు పిలిచి తండ్రి పేరు అడిగిన వివరాలు అందులో కనిపిస్తాయి. స్కాట్లాండ్స్‌పీపుల్‌లో వాటి పేజీలు ఉచితంగా తిప్పొచ్చు, కాకపోతే పేర్ల సూచిక లేదు, చేతిరాత చదువుకుంటూ పోవాలి. 1911 లెక్కలో పెళ్లై ఎన్నేళ్లయింది, ఎందరు పుట్టారు, ఎందరు మిగిలారు అని ఉంటుంది. నలభై ఎనిమిదేళ్ల తల్లికి చివరి బిడ్డ, ఇంట్లో ఇరవై ఏళ్ల పెద్ద కూతురు కనిపిస్తే, ఆ బిడ్డ ఎవరి బిడ్డ అన్న ప్రశ్న వస్తుంది. సమాధానం దొరికినా గ్రానీ ముందు గభాల్న అనకండి. ఆవిడకి అది తెలిసే ఉండొచ్చు, దాచడానికే గ్రెట్నా కథ పుట్టి ఉండొచ్చు.

సమాధి రాయి చదవాల్సి వస్తే తీగ బ్రష్, సుద్ద, షేవింగ్ క్రీమ్ ఏవీ వాడొద్దు. ఇసుకరాయి పైపొర పెచ్చులుగా లేస్తుంది, అక్షరాలు దాంతో పాటే పోతాయి. పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు ఎండలో ఫొటో తీయండి, మబ్బుగా ఉంటే పక్కనుంచి టార్చి వేయండి. ఇంట్లో పాత కాగితాల్లో లేయర్ సర్టిఫికెట్ ఉందేమో చూడండి. లేయర్ అంటే సమాధి స్థలం. దాని నంబరు స్థానిక కౌన్సిల్‌కి చెబితే, రాయి మీద పేరు చెక్కించుకునే స్తోమత లేక అందులోనే ఉండిపోయినవాళ్లెవరో కూడా తెలుస్తుంది.

పత్రాలన్నీ చేతికొచ్చాక గ్రానీ దగ్గరికి మళ్లీ వెళ్లాలి. కథ తప్పని చెప్పడానికి కాదు. పెళ్లి పత్రంలోని ఇద్దరు సాక్షుల పేర్లు చదివి, వీళ్లెవరు అని అడగండి. తేదీలు గుర్తులేని మనిషికి ఆ పేర్లు గుర్తుంటాయి, ఏ క్లోజ్‌లో ఎన్నో అంతస్తులో ఉండేవాళ్లో కూడా. రికార్డింగ్ ఆన్ చేయడం మర్చిపోకండి.